రెండేళ్లు పెంచి రాసిన పిల్ల

మొన్న ఫోన్‌లో చిన్నది అడిగింది. "అమ్మమ్మా, మా స్కూల్లో సార్ రిటైర్ అయితే దండ వేశారు, శాలువా కప్పారు, ఎన్ని ఫొటోలో! తాతయ్యది ఒక్క ఫొటో కూడా లేదేంటి?" అని. కూర మాడుతోందని చెప్పి ఫోన్ పెట్టేశాను. నిజానికి పొయ్యి మీద ఏమీ లేదు. చెప్పాలంటే చాలా సేపు పడుతుంది, ఫోన్‌లో అయ్యే పని కాదనిపించింది. మీ అమ్మకు సగమే తెలుసు. మీరు పుణెలో ఉండి ఎవరి నోటి నుంచో వినేకంటే నేనే చెప్పడం మంచిది. గట్టిగా మాట్లాడటం నాకు రాదు కదా, అందుకే రాస్తున్నాను.

మీ తాతయ్య అప్పట్లో సిరిసిల్ల పక్కన ఒక పల్లెలో హెడ్‌మాస్టరు. హెడ్‌మాస్టరంటే పెద్ద బడి అనుకునేరు. ఇద్దరే టీచర్లు, అందులో ఈయన పెద్ద. నేను అదే ఊళ్లో అంగన్‌వాడీ టీచర్ని. బడికీ నా సెంటర్‌కీ మధ్య నడుం ఎత్తు గోడ ఉండేది. అవతల ఎక్కాలు, ఇవతల నా చంటిపిల్లల ఏడుపులు, రోడ్డుకు ఆ పక్క మరమగ్గాల చప్పుడు. అలా పద్దెనిమిదేళ్లు గడిచాయి.

బడికి రాని పిల్ల ఇంటికి ఆయన పొద్దున్నే వెళ్లి కూర్చునేవాడు. తల్లులు బీడీలు చుట్టుకుంటుంటే వాళ్ల పక్కనే చాప మీద కూర్చుని, పిల్లను పంపేదాకా లేచేవాడు కాదు. పెళ్లి పందిట్లోకి నడిచిపోయి "గీ పిల్లకు ఈడు రాలే, గీ లగ్గం కాదు" అన్న రోజులు నేను చూశాను. ఒకసారి చొక్కా చిరిగి వచ్చాడు. ఒకసారి ఎవరో వీపు మీద పేడ కొట్టారు. తర్వాత జగిత్యాలకు మారాక, ఆ జిల్లాలో చిన్నపిల్లల పెళ్లిళ్లు ఆపే కమిటీలో వేసుకున్నారు. ఆ కమిటీ మీటింగులో ఒకసారి, ఒక హెడ్‌మాస్టరు పెళ్లి కోసం దొంగ వయసు సర్టిఫికెట్ ఇచ్చాడని తెలిసి, "తాళి కట్టెటోని కంటె ముందు గీ సంతకం పెట్టినోన్ని పట్టుకోవాలె" అని లేచి చెప్పాడట. ఆ మనిషి ఉద్యోగానికి దెబ్బ పడింది. ఆ మాట అప్పుడు నాకూ గొప్పగానే అనిపించింది.

అంతకు చాలా ఏళ్ల ముందు జరిగింది ఇప్పుడు చెప్తాను.

ఒక ఏడాది బడిలో పిల్లల సంఖ్య తగ్గింది. ఇంకో ఇద్దరు చేరకపోతే రెండో టీచర్ని వేరే ఊరికి పంపేస్తారు. అయిదు తరగతులు, ఒక్క పంతులు. లెక్కలు చూసే ఆఫీసరు మర్నాడు వస్తాడు. మీ తాతయ్య గోడ దగ్గరికి వచ్చి పిలిచాడు.

"నీ తాన ఇద్దరు పిల్లలు దొరుకుతరా?"

"అయిదేండ్లు నిండినోడు ఒక్కడే ఉన్నడు," అన్నాను.

"ఇంకోలు?"

నా ఒళ్లో ఒక పిల్ల ఉంది. బువ్వ తినిపిస్తున్నాను. నాలుగేళ్లు కూడా నిండలేదు. ఇంటికి పిలుస్తున్నారనుకుని ఆయనకేసి రెండు చేతులూ చాచింది. నేనే ఎత్తి గోడ మీదుగా ఆయనకిచ్చాను.

ఆ పిల్ల పుట్టింది భీవండిలో. తండ్రి అక్కడ మగ్గాల మీద పని చేసేవాడు. తల్లి ఊరికి తిరిగొచ్చినప్పుడు టీకాల కార్డు తెచ్చి చూపిస్తే, అందులోని పుట్టిన తేదీని నేను బరువుల రిజిస్టర్‌లో ఎక్కించాను. మా సెంటర్లో నెలనెలా పిల్లల్ని తూచి రాసే పుస్తకం అది. ఆ కార్డు తర్వాత ఏదో వానలో నాని చిరిగిపోయింది. మీ తాతయ్య తేదీ అడిగాడు. నేను చదివాను. రోజు అదే రాశాడు, నెల అదే రాశాడు, సంవత్సరం మాత్రం రెండేళ్లు వెనక్కి జరిపాడు. "పిల్ల బడిల వడ్డది, బడి నిలిచింది. ఎవలకేం నష్టం?" అన్నాడు. నేనూ నవ్వాను. తల్లిని మేం అడగలేదు. సాయంత్రం చెప్తే, "మంచిదే కదా సారూ" అంది. వయసు సంగతి చెప్పనేలేదు.

పిల్ల చురుకైంది. పదో తరగతి, ఇంటర్ దాటేసింది. పదో తరగతి మెమో మీద కూడా అదే తేదీ పడింది. మీ తాతయ్యను ఆలోపు జగిత్యాలకు మార్చారు. అక్కడ గది తీసుకుని ఉండేవాడు, శనివారం సాయంత్రం ఊరికి వచ్చేవాడు. నేను ఇక్కడే ఉండిపోయాను. ఆయన రిటైర్మెంటుకు ఆరు నెలలుంది.

ఆ ఎండాకాలంలో ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది. చెప్పులు కూడా లేవు. ఎండకు కాళ్లు ఎర్రబడ్డాయి.

"టీచరమ్మా, నాకు లగ్గం చేస్తున్నరు. వచ్చే గురువారం. పిలగాడు కోరుట్లోడు, దుబాయిల ఉంటడు. లగ్గం గాడనే. సెలవు మీద అచ్చిండు."

"నీకు ఇష్టం లేదా బిడ్డా?"

"నర్సింగుల చేరుత అన్న. అమ్మ ఇంటలేదు. పిల్లల హెల్ప్‌లైనుకు ఫోన్ చేసిన. అచ్చిండ్రు. అమ్మ మెమో చూపెట్టింది. పద్దెనిమిది నిండినయని ఉన్నది గదా! ఉల్టా నన్నే తిట్టి పోయిండ్రు. గని నాకు పదారున్నరే టీచరమ్మా. అమ్మనే అనేది, నువ్వు బతుకమ్మ పండుగకు పుట్టినవు, గిన్నేండ్లే అని. గిప్పుడు అడిగితే నోరు మూసుకొమ్మంటది. మీకు ఎరుక లేదా?"

నాకు ఎరుకే. ఆ పిల్లకు నీళ్లిచ్చి, "శనివారం సారు అస్తడు, మాట్లాడుత" అని పంపేశాను. ఆమె వెళ్లాక ఇనుప పెట్టె తీశాను. సెంటర్ కొత్త బిల్డింగులోకి మారినప్పుడు పాత రిజిస్టర్లు ఎలుకలు కొట్టాయని పారేయమన్నారు. కొన్ని ఇంటికి తెచ్చి దాచుకున్నాను, ఎందుకో పారేయబుద్ధి కాలేదు. బరువుల రిజిస్టర్ దొరికింది. మూల కొరికేసి ఉంది, కానీ ఆ పేజీ బాగానే ఉంది. నా గుండ్రటి అక్షరాలు. రోజు, నెల, సంవత్సరం.

శనివారం మీ తాతయ్య వచ్చాడు. రిజిస్టర్ చేతికిచ్చాను. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడే చూశాడు. "రేపు పొయ్యి తల్లితోని మాట్లాడుదం," అన్నాడు. అంతే.

ఆదివారం ఇద్దరం వెళ్లాం. పిల్ల తల్లి గుమ్మం దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. లోపల పిల్ల కత్తెరతో తునికాకు కత్తిరిస్తోంది.

"రాండ్రి సారూ. జెర సూసి కూసోండ్రి, చాప మీద తంబాకు ఉన్నది."

"చెల్లే, పిల్లకు పదారున్నరే. నీకూ ఎరుకే, నాకూ ఎరుకే," అన్నాడు ఆయన.

ఆమె వేళ్లు ఆగలేదు. "నాకు ఎరుక లేదు సారూ. సదువుకున్నోళ్లు రాసిండ్రు, సదువు రానిదాన్ని నమ్మిన. పేపర్ల పద్దెనిమిది ఎప్పుడు నిండుతయా అని పిల్లను ఏడాది ఇంట్ల కూసోబెట్టిన. మీరే ఒకనాడు చెప్పిండ్రు గదా, పద్దెనిమిది నిండకుంట చెయ్యద్దని. నిండినయి."

"అప్పుడు బడి పోతదని రాసిన తల్లీ..."

"గదే అంటున్న. అప్పుడు మీ బడి నిలవాలె, నన్ను అడగలే. గిప్పుడు నా బిడ్డ లగ్గం ఆగాలె, గిప్పుడు గూడ అడుగుతలేరు. అచ్చి చెప్తున్నరు."

లోపల కత్తెర చప్పుడు ఆగింది.

"దీని నాయిన భీవండికి పోయి మూడేండ్లాయె, మనిషి లేడు మాట లేదు. నాకు కండ్లు మసక మసక అయితున్నయి. రేపు నాకేమన్న అయితే గీ ఆడపిల్లను ఏడ పెడ్తరు సారూ? మీ రిజిస్టర్ల దాస్తరా?"

నన్ను చూసి, "నువ్వు గూడ అచ్చినవా టీచరక్కా. నీ చేతి బువ్వ తిని పెరిగింది," అంది. అది తిట్టో దీవెనో నాకు అర్థం కాలేదు. ఆయన లేచాడు. పిల్లను పంపేదాకా చాప మీద నుంచి లేవని మనిషి ఆ రోజు ముందే లేచాడు.

ఇంటికొచ్చాక అన్నం తినలేదు. మంచం మీద కూర్చుని, "గా రిజిస్టరు సంగతి ఎవలెవలకు ఎరుక?" అని అడిగాడు.

"మనిద్దరికే."

"అయితే మనిద్దరికే ఉండనీ."

మళ్లీ ఆయనే మొదలుపెట్టాడు. "పింఛన్ గురించి కాదే. అదీ ఆగుతది, గని దాని గురించి కాదు. నేను ఆపిన లగ్గాలన్నిటినీ తవ్వుతరు. గాయనే దొంగ రాతలు రాసిండట అంటరు. రేపు ఏ పందిట్ల పొయ్యి నిలబడ్డ నన్ను చూసి నవ్వుతరు. గీ ఒక్క పిల్ల కోసం గంతమంది పిల్లలను ఇడిసిపెట్టాల్నా? నువ్వే చెప్పు."

పిల్లలూ, ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. నేను ఒక్కటే అన్నాను: "గా పిల్లను గోడ మీదికెళ్లి మీ చేతులల్ల పెట్టింది నేను."

సోమవారం తెల్లవారి ఆయన జగిత్యాల బస్సుకు తయారవుతుంటే నేనూ చీర మార్చుకున్నాను. రిజిస్టర్ సంచిలో పెట్టుకున్నాను. పెళ్లి జరిగేది కోరుట్లలో, ఆపాల్సింది జగిత్యాలలోని పిల్లల ఆఫీసు. ఆయన సంచికేసి చూశాడు, నాకేసి చూశాడు. బస్సులో నేను ఆడవాళ్ల సీట్లో, ఆయన వెనక. కండక్టరు నా ఆధార్ చూసి జీరో టికెట్ కొట్టిచ్చి, "ఒక్కదానివేనా అమ్మా?" అన్నాడు. అవునన్నాను. వేములవాడ దాటాక ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాను. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు, నిద్ర మాత్రం కాదు. నిద్రపోతే ఆయన నోరు కొంచెం తెరుచుకుంటుంది. ఆ రోజు బిగించి ఉంది.

జగిత్యాల బస్టాండులో దిగాం. ఆయన బడి ఒక వైపు, నేను వెళ్లాల్సిన ఆఫీసు ఒక వైపు. సంచి లాక్కుంటాడేమోనని, చెప్పొద్దూ, గట్టిగానే పట్టుకున్నాను. ఆయన అన్నది ఇదీ: "ఆఫీసు పై అంతస్తుల ఉంటది. మెట్లు నిదానంగ ఎక్కు, నీ మోకాలు బాగలేదు." అలా అని వెళ్లిపోయాడు. వెళ్లమన్నాడా, వెళ్లినా నేను రాను అన్నాడా, నాకు తెలియలేదు. తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు.

పిల్లల సంగతి చూసే ఆఫీసరు ఒక ఆడమనిషి, మీ అమ్మ వయసుంటుంది. పదింటికి వచ్చింది. రిజిస్టర్ చూస్తుండగానే నా ఫోన్ మోగింది. ఎవరిదో కొత్త నంబరు. ఆ పిల్ల గొంతు, గుసగుసగా.

"టీచరమ్మా, కోరుట్లకు తెచ్చిండ్రు. నిన్న మీరు అచ్చిపోయినంక అమ్మకు భయమైంది. గురువారం కాదు, ఇయ్యాల్నే లగ్గం. పన్నెండింటికి. బాత్రూంల ఉన్న, గీ ఫోన్ పక్కింటామెది..." కట్ అయింది.

ఆఫీసరుకు చెప్పాను. ఆమె గడియారం చూసింది. కోరుట్లకు ముప్పావు గంట.

"అమ్మా, పదో తరగతి మెమో ముందట మీ బరువుల బుక్కు నిలవది. గదే మెమో చూసి సిరిసిల్ల హెల్ప్‌లైనోళ్లు ఒకసారి వాపసు పోయిండ్రు. బడిల ఎవరైతే రాసిండో, గాయనే 'తప్పు రాసిన' అని రాసియ్యాలె. గప్పుడే నేను జీపు ఎక్కగలుగుత. అప్పటి హెడ్‌మాస్టర్ పేరేంది?"

మీకు ఇది నవ్వులాట అనిపిస్తుంది. మా కాలపు ఆడవాళ్లం మొగుడి పేరు పలకం. రేషన్ కార్డువాళ్లు వచ్చినా, ఓట్లవాళ్లు వచ్చినా మీ అమ్మను ముందుకు తోసి చెప్పించేదాన్ని. పెళ్లిలో పేరు చెప్పమంటే కూడా పాట పాడి తప్పించుకున్నాను. ఆఫీసరు పెన్ను పట్టుకుని చూస్తోంది. గోడ మీద గడియారం పది పదిహేను చూపిస్తోంది. పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా.

ఆమె పెన్ను ఆగిపోయింది. "మన కమిటీ సారా?"

"ఆయనే."

"మీకెట్ల ఎరుక?"

"మా ఇంటాయన."

ఆమె నా ముఖం చూసి ఆయనకు ఫోన్ చేసింది. ఆయన వచ్చేసరికి పదీ నలభై. చేతులకు సుద్ద పొడి ఇంకా ఉంది. నాకేసి చూడలేదు. ఆఫీసరు లేచి నిలబడి కుర్చీ వేసింది. ఆమెకు ఆయనంటే గౌరవం. అదే నన్ను భయపెట్టింది. ఎందుకంటే ఆమె ఇలా అంది:

"సార్, గప్పుడు తల్లి చెప్పిన ప్రకారం రాసిన అని రెండు ముక్కలు రాయుండ్రి. సరిపోతది. ఊళ్లల్ల అందరు గట్లనే రాస్తరు. మీకేం కాదు."

చిన్న దారి కాదు అది, పెద్ద తలుపే తెరిచింది. పెళ్లి ఆగుతుంది, ఆయన పేరు నిలుస్తుంది. అబద్ధం మాత్రం ఆ బీడీలు చుట్టే ఆమె నెత్తిన పడుతుంది. చదవడం రాని మనిషి, తర్వాత వచ్చి తగువాడేది కూడా లేదు. ఆయన తెల్లకాగితం ముందుకు లాక్కున్నాడు. పెన్ను పెట్టాడు, తీశాడు. మళ్లీ పెట్టాడు. ఆ క్షణంలో ఆయన ఆ తలుపులోంచి వెళ్లిపోతే బాగుండునని నేను కూడా అనుకున్నాను పిల్లలూ, దాచను. ఆరు నెలలే ఉంది కదా అనుకున్నాను.

రాయడం అయ్యాక ఆఫీసరు కాగితం తీసుకుని చదివింది, మధ్యలో గొంతు తగ్గించింది. "తల్లిని అడగలేదు. సరైన తేదీ తెలిసీ, బడిలో పిల్లల సంఖ్య సరిపోవడానికి సంవత్సరం మార్చి రాశాను."

"సార్, గిట్ల రాస్తె మీకు..."

"గట్లనే అయింది మేడం. టైము పోతున్నది, జీపు తీయుండ్రి."

కోరుట్ల ఫంక్షన్ హాల్లో మేం దిగేసరికి జీలకర్ర బెల్లం తమలపాకులో పెట్టి సిద్ధంగా ఉంది. పిల్లగాడి తల్లి ఆఫీసరు మీదికి వచ్చింది. "పిలగాని సెలవు అయిపోతది, నువ్విస్తవా దుబాయి టికెట్టు?" అని. పిల్లగాడు పాపం మంచివాడే. "పిల్లకు ఇరవై అని నాకు చెప్పిండ్రు," అన్నాడు, ముఖం మీద వేలాడే పూల సెహరా పక్కకు తోసుకుంటూ. ఆఫీసరు పిల్లను వయసు అడిగితే నుదుట బాసికంతోనే గట్టిగా చెప్పింది, "పదారున్నర" అని. మీ తాతయ్య రాసిన కాగితం ఆఫీసరు పైకి చదువుతుంటే, "తల్లిని అడగలేదు" అన్న చోట పిల్ల తల్లి తల ఎత్తి ఆయన్ని చూసింది. పద్దెనిమిది నిండేదాకా చేయనని వేలిముద్ర వేసి, పిల్ల చేయి పట్టుకుని బయటికి నడిచింది.

తర్వాతివి చిన్న సంగతులు. ఆయనకు నోటీసు వచ్చింది, విచారణ జరిగింది. కమిటీలోంచి తీసేశారు. రిటైర్ అయిన రోజు బడిలో టీచర్లు దండ తేవడానికి భయపడ్డారు. కేసు నడుస్తోంది కదా, ఫొటోలో తాము కనపడితే ఎలా అని. అందుకే ఫొటో లేదు. పింఛన్ కొంత ఆగి వచ్చింది. ఆయన భయపడ్డట్టే ఒక ఊళ్లో ఎవరో, "నీ బడి పిల్లల ఈడు మంచిగ చూసుకో పో సారూ" అన్నారు. ఆ రోజు ఇంటికొచ్చి నాతో మాట్లాడలేదు. నా మీద కోపం ఉందో లేదో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఒక్కోసారి ఉన్నట్టే ఉంటుంది.

ఆ పిల్ల ఇప్పుడు నర్సింగులో ఉంది. తల్లి నాలుగు నెలలు మా వీధిలోకి రాలేదు. ఆ తర్వాత ఒకరోజు గుమ్మంలో నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు.

"సారూ, లగ్గం ఆపిండ్రు, మంచిగయింది. గని మెమో మీద తేదీ గట్లనే ఉన్నది. రేపు నా బిడ్డకు సర్కారు నౌకరి వస్తె రెండేండ్లు ముందే ఇంటికి పంపుతరట గదా. గా రెండేండ్ల జీతం ఎవలిస్తరు, మీరా?"

మీ తాతయ్య చాలా రోజుల తర్వాత నవ్వాడు. నవ్వుతూనే చొక్కా వేసుకున్నాడు. అప్పటి నుంచి ఆ తేదీ మార్పించడానికి తిరుగుతున్నాడు. హైదరాబాదులో ఒక ఆఫీసు, జగిత్యాలలో ఒక ఆఫీసు, మా ఊరి పాత బడి రిజిస్టర్ కోసం ఇంకో ఆఫీసు. గడువు దాటిపోయిందంటారు. కోర్టు కాగితం తెమ్మంటారు. మంగళవారం మళ్లీ హైదరాబాదు పోవాలి. ఈసారి పిల్ల తల్లి కూడా వస్తానంది. సారును ఒక్కణ్ణే పంపితే అక్కడ మళ్లీ ఏం రాసొస్తాడో అని.